తీగెకు కరెంటు: కాకినాడ నుంచి పాలకొల్లు దాకా

గోదావరి జిల్లాల్లో క్షేత్రాలు చూడబోయేవారికి ఒకరు దారి చెప్పనక్కరలేదు. పంచారామాల్లో అమరావతి ఒక్కటే కృష్ణ వొడ్డున వుంది. సామర్లకోట, ద్రాక్షారామం, భీమవరం, పాలకొల్లు నాలుగూ గోదావరి సీమవే. కార్తీకమాసం వచ్చిందంటే భక్తుల కోసం ప్రత్యేకంగా బస్సులు కూడా నడుస్తాయి.

యీ తోవలోనే యింకొక యాత్ర కూడా వుంది. అది తీగెవాద్యాల యాత్ర. వీణ చిట్టిబాబు 1936లో కాకినాడలో పుట్టారు. ఆయన గురువు ఈమని శంకరశాస్త్రి 1922లో ద్రాక్షారామంలో పుట్టారు. మాండొలిన్ శ్రీనివాస్ 1969 ఫిబ్రవరి 28న పాలకొల్లులో పుట్టారు. కాకినాడలో బయలుదేరి ద్రాక్షారామం, కోటిపల్లి, అమలాపురం, రాజోలు మీదుగా పాలకొల్లు చేరితే గౌతమి, వైనతేయ, వసిష్ఠ అనే మూడు పాయలూ దాటుతాం. అంత కొద్ది మేరలో అంతటి విద్వాంసులు ముగ్గురు పుట్టిన సీమ మరొకటి వుంటే పాఠకులే చెప్పాలి.

మేమూ ముగ్గురమే బయలుదేరాం. మా అమ్మకు భీమేశ్వరుడి దర్శనం, క్షీరారామ దర్శనం కావాలి. మా మేనల్లుడికి ఒక పెట్టె కట్టాలి. యిద్దరినీ చూసుకోవడానికి నేను.

ఆ పెట్టె సంగతి కాస్త వివరంగా చెప్పాలి. ఎలక్ట్రిక్ గిటారు వాయించేవారు కాళ్ళ దగ్గర చిన్న రేకుపెట్టె ఒకటి పెట్టుకుంటారు. దాన్ని కాలితో నొక్కగానే, అంతవరకు గంటలాగా పలికిన తీగె తుమ్మెద ఝంకారంలాగా గర్రుమంటుంది. దీన్నే ఫజ్ అంటారు. మా వాడు యింటరు పూర్తిచేశాడు, గిటారు వాయిస్తాడు. ఎలక్ట్రానిక్సు మీద కొత్తగా మోజు పడ్డాడు. పుస్తకంలో చూసిన పెట్టె చేత్తో కట్టాలని వాడి పట్టుదల.

అంతవరకు ఎవరికీ అభ్యంతరం లేదు. చిక్కల్లా మా అమ్మ వీణతో వచ్చింది. యింట్లో ఆవిడ పనసకర్ర వీణ వుంది. వేళ్ళు నొప్పులు పుట్టి కొన్నేళ్ళుగా ఆవిడ దాన్ని ముట్టడం లేదు, గుడ్డ కప్పి మూల పెట్టింది. "అమ్మమ్మా, దానికి కూడా కరెంటు పెడతాను," అన్నాడు మా వాడు.

"పలికే తీగెను చెడగొట్టడానికి డబ్బు పోసి పెట్టె కడతావుట్రా?" అంది మా అమ్మ. "ముందు నీ పెట్టె ఏం చేస్తుందో నా చెవికి వినిపించు. వీణ మాట తరవాత చూద్దాం."

అందుచేత యాత్రలో గిటారూ, బ్యాటరీతో పనిచేసే చిన్న ఆంప్లిఫయరూ కూడా మాతో బస్సెక్కాయి.

కాకినాడలో సామాను

కాకినాడ మెయిన్ రోడ్డు దాటి ఒక సందులో పాత రేడియో రిపేరు కొట్టు వుంది. యజమాని ముసలాయన. గోడకు చిన్న చిన్న సొరుగులు నిలువెత్తున వున్నాయి. మా వాడు కాగితం చదివాడు: బీసీ547 ట్రాన్సిస్టరు ఒకటి, 1ఎన్4148 డయోడు ఒకటి, 10 కిలోఓముల రెసిస్టరు ఒకటి, 0.1 మైక్రోఫారడ్ కెపాసిటర్లు రెండు, 100 కిలోఓముల వాల్యూం కంట్రోలు ఒకటి, 9 వోల్టుల బ్యాటరీ, దాని క్లిప్పు, గిటారు వైరు దూర్చే జాకులు రెండు, కాలితో నొక్కే స్విచ్చి ఒకటి.

"ఆయ్, యింతేనాండి?" అన్నాడాయన. సొరుగులు పేరు చూడకుండానే లాగుతున్నాడు. "రేడియోలు తెచ్చేవాళ్ళు పోయారండి బాబూ. కుర్రాళ్ళు మాత్రం యింకా వస్తానే వున్నారండి. కాలేజీ ప్రాజెక్టులని చెప్పి వస్తారు."

రెసిస్టరు మీద అంకెలుండవు, రంగుచారలుంటాయి. గోధుమరంగుకు 1, నలుపుకు 0, నారింజకు మూడు సున్నాలు. కలిపి చదివితే 10,000 ఓములు. కెపాసిటరు బిళ్ళ మీద 104 అని వుంటుంది. పదికి నాలుగు సున్నాలు చేర్చి పికోఫారడ్లుగా చదువుకోవాలి. అదే 0.1 మైక్రోఫారడ్. యీ గుర్తులు రెండూ తెలిస్తే కొత్తవాడికి కొట్లో సగం భయం పోతుంది. ట్రాన్సిస్టరు ఖరీదు ఒక టీ ఖరీదు కన్నా తక్కువ. జాకులకూ స్విచ్చికీ అయిన డబ్బే ఎక్కువ.

పెట్టెకు మాత్రం కొనవలసిన పని లేకపోయింది. మా అమ్మ సంచిలో పాత అల్యూమినియం టిఫిన్ డబ్బా వుంది. అందులో వున్న పులిహోర అయిపోయాక యిస్తానంది.

ద్రాక్షారామం అరుగు మీద

రామచంద్రపురం మీదుగా ద్రాక్షారామం చేరేసరికి మధ్యాహ్నం దాటింది. భీమేశ్వరుడి లింగం రెండంతస్తుల ఎత్తు. కిందినుంచి పాదభాగం చూసి, మెట్లెక్కి పైనుంచి అభిషేకం చూడాలి. మాణిక్యాంబ అమ్మవారి దర్శనం కూడా అయింది.

కోనేటి గట్టున కూర్చుని మా అమ్మ శంకరశాస్త్రిగారి మాట ఎత్తింది. వైణికుల యింట పుట్టి, మద్రాసు జెమినీ స్టూడియోలో పనిచేసి, ఆకాశవాణిలో చేరి, ఢిల్లీలో వాద్యబృందం నడిపిన మనిషి. 1987లో పోయారు. "ఆయన మీటు రేడియోలో వింటే వీణా, గొంతా అని అనుమానం వచ్చేది," అంది. చిట్టిబాబుగారు ఆయన దగ్గరే నేర్చుకుని, వీణ మీద కోయిలను కూయించేదాకా వెళ్ళారు. ఒక మీటు మీటి, ఆ నాదం చల్లారేలోగా తీగెను పక్కకు లాగి గమకాలన్నీ పలికించడమే వీణలో వున్న కష్టం. ఆ కాస్త వ్యవధే వైణికుడి ఆస్తి.

ఆ రాత్రి బంధువుల యింటి అరుగు మీద పెట్టె పని మొదలయింది. యీ రకం పెట్టెల్లో కొత్తవాళ్ళు కట్టదగినది యింతకంటే చిన్నది లేదంటారు. కట్టే తీరు యిది:

ట్రాన్సిస్టరు చదునుముఖం మనవైపు తిప్పి కాళ్ళు కిందికి పెట్టి చూస్తే, ఎడమనుంచి వరసగా కలెక్టరు, బేసు, ఎమిటరు. ఎమిటరును బ్యాటరీ మైనసుకు కలపాలి. కలెక్టరును 10 కిలోఓముల రెసిస్టరు ద్వారా ప్లస్సుకు కలపాలి. డయోడును కలెక్టరుకూ బేసుకూ మధ్య పెట్టాలి. నల్లచార వున్న కొస బేసు వైపు వుండాలి, తిరగబడితే పెట్టె సరిగా పలకదు. గిటారు నుంచి వచ్చేది ఒక కెపాసిటరు ద్వారా బేసుకు చేరుతుంది. కలెక్టరు నుంచి రెండో కెపాసిటరు ద్వారా వాల్యూం కంట్రోలు ఒక చివరికి పోతుంది. దాని రెండో చివర మైనసుకు, నడిమి కాలు బయటికి పోయే జాకుకు. జాకుల మైనసులు, టిఫిన్ డబ్బా రేకు, అన్నీ ఒకచోట కలవాలి. రేకు అలా కలిస్తే యింటి కరెంటు 50 హెర్ట్జుల గుయ్యిమనే మోత లోపలికి రాకుండా చాలావరకు అడ్డుపడుతుంది.

మా వాడు ముందుగా బ్రెడ్‌బోర్డు మీద, సోల్డరింగ్ లేకుండా, కాళ్ళు గుచ్చి చూశాడు. పలికాక చిల్లుల బోర్డు మీదికి మార్చాడు. సోల్డరింగ్‌లో మెలకువ ఒక్కటే. ఐరన్ మొనతో ముందు కాలునూ రాగినీ కలిపి వేడిచెయ్యాలి, ఆ వేడికే లెడ్డు కరిగి పారాలి. అతుకు నున్నగా మెరిస్తే మంచిది. వుండకట్టి మసకగా వుంటే మళ్ళీ కాచాలి. లెడ్డులో సీసం వుంటుంది కనుక పని కాగానే చేతులు కడుక్కుని మరీ అన్నం తినాలి. 9 వోల్టుల బ్యాటరీ షాకు కొట్టదు. గోడ కరెంటు మీద నడిచే ఆంప్లిఫయరు మూత మాత్రం కొత్తవాళ్ళు విప్పకూడదు.

"యింతకీ లోపల జరిగేదేమిటిరా?" అని అడిగాను.

"మామయ్యా, కాలవ చూడు," అన్నాడు వాడు.

1852లో కాటను దొర ధవళేశ్వరం ఆనకట్ట పూర్తిచేశాక కాలవలు యీ సీమకు నరాల్లాగా అల్లుకున్నాయి. కాలవలో నీటికి గట్టే హద్దు. వరద ఎంత వచ్చినా గట్టు దాటిన నీరు పొర్లిపోతుంది, కాలవలో మట్టం మాత్రం గట్టు దగ్గరే చదునుగా నిలుస్తుంది. గిటారు తీగె పుట్టించే అల వోల్టులో పదోవంతు ప్రాంతంలో వుంటుంది. ట్రాన్సిస్టరు దాన్ని ఎన్నోరెట్లు పెంచుతుంది. అల గట్టు దాటుతుంది. అప్పుడు ట్రాన్సిస్టరు ఒకవైపు, డయోడు ఒకవైపు శిఖరాలను నరుకుతాయి. గుండ్రని అల చదునుతలల అల అవుతుంది. ఆ నరుకుడే మనకు గర్రుమని వినిపిస్తుంది.

యింకొక ఫలితం కూడా వుంది. మీటిన తీగె క్షణక్షణానికీ సన్నగిల్లుతుంది. అయినా పెంచిన తరవాత అది యింకా గట్టు మీదనుంచి పొర్లుతూనే వుంటే, బయట మట్టం తగ్గదు. అంటే చల్లారవలసిన నాదం నిలుస్తుంది. తీగె బాగా నీరసించి గట్టుకు దిగువకు వచ్చాకనే తగ్గుదల తెలుస్తుంది.

కోటిపల్లి రేవు

మర్నాడు పొద్దున్నే కోటిపల్లి రేవులో పంటు ఎక్కాం. మోటారుసైకిళ్ళు, అరటిగెలలు, పాలక్యాన్లు, బడిపిల్లలు, అందరికీ చోటు దొరికింది. గౌతమి యిక్కడ వెడల్పు. ముక్తేశ్వరం వొడ్డున చెట్లు పచ్చని గీతలాగా కనిపిస్తాయి.

"యీ నరుకుడు ఎవరికి తోచిందిరా?" అంది మా అమ్మ. రాత్రి ఆవిడ నిద్రపోయిందనుకున్నాం, అంతా వింటూనే వుంది.

మా వాడు చెప్పిన కథ యిది. అమెరికాలో నాష్‌విల్ అనే వూళ్ళో మార్టీ రాబిన్స్ పాట ఒకటి రికార్డు చేస్తున్నారు. గ్రాడీ మార్టిన్ వాయించిన బేస్ గిటారు, రికార్డింగు బల్లలో ఏదో భాగం చెడి, గరగరలాడింది. ఆ గరగరను అలాగే వుంచేశారు. 1961లో ఆ పాట బాగా ఆడింది. తక్కినవాళ్ళు కూడా అదే మోత కావాలని రావడంతో, గ్లెన్ స్నాడీ అనే యింజనీరు ట్రాన్సిస్టర్లతో దానికొక సర్క్యూటు కట్టాడు. గిబ్సన్ కంపెనీవారు 1962లో దాన్ని మేస్ట్రో ఫజ్‌టోన్ పేరుతో అమ్మారు. 1965లో రోలింగ్ స్టోన్స్ వారి పాట ఒకటి ఆ మోతతోనే ప్రపంచమంతా మోగింది. చెడిపోయిన యంత్రం వినిపించినదాన్ని పనిగట్టుకుని తయారుచేశారన్నమాట.

మా అమ్మ నవ్వింది. "మనవాళ్ళు అంతకు ముందే చేశారు కదరా. తంబురా మెట్టు మీద తీగె కింద నూలుపోగు ఎందుకు పెడతారు? అది లేకపోతే తంబురా మొద్దుగా టంగుమంటుంది. పోగును జరిపి జరిపి సరైనచోట నిలిపితే జీవ వస్తుంది. అప్పుడు ఝుమ్మంటుంది."

మా వాడు ఆలోచనలో పడ్డాడు. ఆవిడ మళ్ళీ అంది: "జీవ కుదిరిన తంబురాలో ఎవరూ మీటని గాంధారం వినిపిస్తుంది. స్వయంభువ గాంధారం అంటారు."

"అది అయిదో రెట్టు, అమ్మమ్మా!" అని లేచి నిలబడ్డాడు వాడు. పంటువాడు కూర్చోమని కేకేశాడు. షడ్జం సెకనుకు ఎన్నిసార్లు కదులుతుందో దానికి రెండురెట్లు పైషడ్జం, మూడురెట్లు ఆ పైస్థాయి పంచమం, అయిదురెట్లు ఇంకా పైన అంతరగాంధారం. అలను నరికినప్పుడు యీ రెట్లే గట్టిగా బయటికి వస్తాయి. నూలుపోగు తీగె కదలికకు మెత్తగా అడ్డుపడి చేసే పనిలాంటిదే ట్రాన్సిస్టరు మొరటుగా చేస్తుంది. ముక్తేశ్వరం రేవు వచ్చేదాకా అమ్మమ్మా మనవడూ యీ లెక్కలోనే వున్నారు.

పాలకొల్లులో తీర్పు

అమలాపురం మీదుగా వెళ్ళి, బోడసకుర్రు దగ్గర వైనతేయ వంతెనా, చించినాడ దగ్గర వసిష్ఠ వంతెనా దాటి పాలకొల్లు చేరాం. ముందుగా కనిపించేది క్షీరారామలింగేశ్వరుడి తొమ్మిదంతస్తుల గాలిగోపురం. సినిమావారికి కూడా యిది పుట్టినవూరే. అల్లు రామలింగయ్య, దాసరి నారాయణరావు, కోడి రామకృష్ణ యిక్కడివారే.

శ్రీనివాస్ తండ్రి సత్యనారాయణగారు క్లారినెట్ వాయించేవారు. పిల్లవాడు ఆరేళ్ళ వయసులో మాండొలిన్ పట్టుకున్నాడు. గురువు రుద్రరాజు సుబ్బరాజుగారు చెంబై వైద్యనాథ భాగవతార్ శిష్యులు. ఆయన పాడేవారు, శిష్యుడు విని తీగె మీద పలికించేవాడు. 1978లో గుడివాడ త్యాగరాజ ఆరాధనలో తొలి కచేరీ. 1983లో బెర్లిన్ జాజ్ ఉత్సవంలో వాయించాడు. 1998లో పద్మశ్రీ. 2014 సెప్టెంబరు 19న చెన్నైలో పోయేనాటికి ఆయనకు 45 ఏళ్ళే.

మాండొలిన్ యూరపు వాద్యం. నాలుగు జతల తీగెలు. మీటగానే టింగుమని ఆరిపోతుంది. జతతీగెలను పక్కకు లాగి గమకం పలికించడం గగనం. శ్రీనివాస్ ఎలక్ట్రిక్ మాండొలిన్ పట్టుకుని, జతలు తీసేసి, అయిదు ఒంటితీగెలు పెట్టుకున్నారు. అయస్కాంతానికి సన్నని రాగితీగె చుట్టిన పికప్ వుక్కుతీగె కదలికను కరెంటుగా మారుస్తుంది. దాన్ని ఆంప్లిఫయరు పెంచుతుంది. ఆరిపోయే నాదపు చివరికొస కూడా చెవికి అందుతుంది. ఆ కొస మీదనే ఆయన రాగాలాపన చేశారు.

ఆ సాయంత్రం మా బంధువుల యింటి వసారాలో మా అమ్మ పరీక్ష పెట్టింది.

"సా మీటు," అని ఆదితాళం వేసింది. పెట్టె లేకుండా మీటితే ఒక ఆవర్తం నిండకముందే సన్నగిల్లింది. పెట్టె నొక్కి మీటితే రెండో ఆవర్తంలోకి కూడా తగ్గకుండా వచ్చింది. ఆవిడ కనుబొమలు లేచాయి.

"యిప్పుడు మీటి, తీగె లాగి, మెల్లగా వదులు." వాడు లాగాడు. లాగినంతసేపూ స్వరం వినిపించింది. "ఊఁ, బాగుంది," అంది.

"మెత్తగా ఒకసారి, గట్టిగా ఒకసారి మీటు." రెండూ దాదాపు ఒకే మోత. గట్టు దాటిన నీటికి హెచ్చుతగ్గులేమిటి? ఆవిడ తల అడ్డంగా వూపింది. "మీటులో బరువు లేదురా. నెమ్మదీ, కోపమూ ఒకటే అయితే మనిషి ఎక్కడున్నాడు?"

చివరికి రెండు తీగెలు ఒకేసారి మీటమంది. గరగరమని కలగాపులగం. రెండు అలలు కలిసి నరుక్కుంటే లేని స్వరాలు కూడా పుడతాయి. వసారాలో పిల్లి పరుగెత్తింది.

"విను," అంది మా అమ్మ. "ఒంటితీగెకు నీ పెట్టె పనికొస్తుంది. నిలకడ యిస్తుంది, కాదనను. కాని వీణకు పక్కనే తాళపుతీగెలు మూడున్నాయి. అవి కూడా యిందులో పడితే యిదిగో యీ రచ్చే. పైగా మీటులో బరువు పోతే శంకరశాస్త్రిగారు ఎవరు, నేనెవరు? యీ వూరి అబ్బాయి కరెంటు తీసుకున్నాడు. నరుకుడు తీసుకున్నాడా? ఎంత కావాలో అంతే తీసుకున్నాడు."

మా వాడు వాదించలేదు. యింకొక అడ్డంకి వాడికే తెలుసు. వీణలో సారణి, పంచమం వుక్కుతీగెలు. మంద్రం, అనుమంద్రం యిత్తడివి. అయస్కాంతపు పికప్ యిత్తడిని సరిగా వినదు. కనుక పెద్ద సభల్లో చేసినట్టు కర్రకు అంటించే కాంటాక్టు మైకే శరణ్యం. దానికి పీజో బిళ్ళ చాలు. కాని ఆ బిళ్ళను తిన్నగా యీ ఒంటి ట్రాన్సిస్టరు పెట్టెకు కలిపితే కిందిస్వరాలు పోయి నాదం పల్చబడుతుంది. మధ్యలో బిళ్ళ మీద బరువు పడనివ్వని మెట్టు యింకొకటి కట్టాలి. నరకకుండా వున్నదున్నట్టు అందించేది.

"అది కట్టనా, అమ్మమ్మా?"

"వీణకు మేకు కొట్టనంటే కట్టు. అంటించింది మళ్ళీ వూడిరావాలి."

"వూడివస్తుంది."

"అయితే ఆ బిళ్ళ అంటించేనాటికి దానిమీద వాయించేవాళ్ళు కూడా వుండాలి కదా? నా వేళ్ళు సాగవు. రేపు యింటికి వెళ్ళగానే గుడ్డ తీసి తీగెలు మార్పించు. నీ గిటారు వేళ్ళతో సరళీవరసలు మొదలుపెడదాం. అవి వచ్చాక బిళ్ళ."

మా వాడు కాగితం తీసి, కొనవలసిన సామానులో పీజో బిళ్ళకు పైన వీణతీగెలు ఒక జత అని రాసుకున్నాడు.